మస్తాన్ మందుకు తోక

మస్తాన్ మొహం వేలాడేసుకుని హైమావతి గారి గదికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి, లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. ఊపిరితిత్తుల్ని పట్టి పీడించే ఒక వైరస్ జ్వరానికి, ఆమె దగ్గర పరిశోధన చేస్తూ మందు తయారుచేస్తున్నాడతను. నాలుగేళ్ళ కష్టం.

ఆ మందు గాజు పళ్ళెంలో వైరస్‌ను చిత్తు చేస్తుంది. సూదితో ఎక్కిస్తే ఎలుకలకు జబ్బు నయమవుతుంది. నోటితో మింగిస్తే మాత్రం పేగుల గోడ దాటలేక అట్నుంచి అటే బయటికి పోతుంది. ఇంట్లో దగ్గుతూ మూలిగే మనిషికి కావలసింది మాత్ర. మాత్రగా పనికిరాకపోతే పక్కన పెట్టేస్తామని పైవాళ్ళు ఆ పొద్దునే తేల్చేశారు. మస్తాన్‌కి అన్నం సయించలేదు.

"ఆ మందు అణువుకో చిన్న తోక తగిలించమన్నానుగా," అన్నారు హైమావతి. "పేగులు దాటిస్తుంది. రక్తంలోకి వెళ్ళాక దానంతటదే ఊడిపోతుంది."

"తగిలించి చూశాను మేడమ్. పళ్ళెంలో వేస్తే వైరస్‌కి చీమ కుట్టినట్టయినా లేదు."

"పళ్ళెంలో తోక ఊడదు మరి."

"ఏమో మేడమ్. ఇన్నాళ్ళూ చెక్కి చెక్కి చేసిన మందు. దానికేం తక్కువని ఈ అతుకు?"

ఆమె నుదురు రుద్దుకున్నారు.

"తలనొప్పిగా ఉంది. ఎదురుగా క్యాంటీన్ నుంచి ఒక టీ పట్టుకురా నాయనా."

మస్తాన్ బయటికొచ్చి చెప్పుల్లో కాలు పెట్టబోయాడు.

"వాటిని అక్కడే వదిలేయ్," లోపల్నుంచి వినబడింది. "నీ కాళ్ళకేం తక్కువ?"

మే నెల, గుంటూరు ఎండ, మిట్టమధ్యాహ్నం. క్యాంటీన్‌కీ గదికీ మధ్య ఉన్నదంతా నాపరాళ్ళు పరిచిన ఆవరణ. గురువు మాట కాదనలేక దిగాడు. సగం దూరమైనా పోలేదు. కాలుగాలిన పిల్లి అని ఎందుకంటారో ఆ రోజు బాగా తెలిసొచ్చింది. గెంతుకుంటూ వెనక్కొచ్చి గుమ్మంలో పడ్డాడు.

ఆమె నవ్వాపుకుంటూ చెప్పుల వైపు చూపించారు. "వేసుకెళ్ళు."

ఈసారి మస్తాన్ నింపాదిగా వెళ్ళి టీ తెచ్చాడు. గుమ్మం దగ్గర, ఎవరూ చెప్పకుండానే, కాళ్ళు చెప్పుల్ని వదిలేశాయి. లోపలి గచ్చు చల్లగా తగిలి ప్రాణం లేచొచ్చింది.

హైమావతి టీ అందుకుని ఒక గుక్క తాగారు. తలనొప్పి అసలు ఉన్నట్టే లేదు.

"ఎండ దాటించింది చెప్పులే అయినా, లోపలికి వచ్చింది నువ్వేగా?" అన్నారు.

మస్తాన్ గుమ్మం బయట పడున్న చెప్పుల వైపు చూశాడు. పొద్దుటి నుంచీ లేని నవ్వొకటి మొహం మీదికొచ్చింది. గోడకున్న బోర్డు మీద తన మందు అణువు బొమ్మ ఉంది. చాక్‌పీసు తీసుకుని వెళ్ళి, దానికో చిన్న తోక గీశాడు.