పుల్లన్న కొమ్ముకు నీలిరంగు

నూకాలమ్మగారి పశువులపాకలో పుల్లన్న అనే ఎద్దుకు కడుపుమంట పట్టుకుంది. తిన్న గడ్డి వల్ల కాదండోయ్, తోడెద్దు బొల్లన్న వల్ల!

బొల్లన్నకు గాలికుంటు జబ్బు చేసింది. నోరు పుండై, గిట్టలు పగిలి విడిగా పడుంటే నూకాలమ్మ రాగిజావ కాచి తాగించింది, పసుపునీళ్లతో కాళ్లు కడిగింది. ఎలాగో బతికి బయటపడ్డాడు. ఇక చూసుకోండి, వచ్చినవాళ్లంతా "జబ్బును గెలిచిన మొనగాడు" అని వీపు నిమరడమే! ఏరువాకకు ఏటా పుల్లన్న మెడలో కట్టే మువ్వలపట్టెడ ఈసారి బొల్లన్నకే కడతానంది నూకాలమ్మ. పుల్లన్నకు మేత సయించలేదు. 'నాకూ ఆ జబ్బొచ్చి తగ్గితే సరి' అనుకున్నాడు.

అంతలో పశువుల డాక్టరు వచ్చాడు. టీకా వేసిన ప్రతి పశువు కొమ్ముకూ కాంపౌండరు నీలిరంగు పూస్తున్నాడు. గేదె గౌరమ్మ సూది పొడిపించుకుంది. వెనకే బొల్లన్న నిలబడ్డాడు.

"నీకెందుకురా సూది? జబ్బొచ్చి బలం వచ్చేసిందిగా!" అన్నాడు పుల్లన్న.

"వచ్చింది అన్నయ్యా, కాదనను. కానీ అదెన్నాళ్లుంటుందో? పైగా ఈ జబ్బులో రకాలున్నాయట, ఒకటి తగిలితే ఇంకోటి తగలదని లేదట. ఈ బలానికి నేనేం ఇచ్చుకున్నానో చూడు, ఎండెక్కితే ఇప్పటికీ రొప్పే."

"అబ్బో, మొనగాడికి వినయం కూడానా!" అని పుల్లన్న గౌరమ్మ పక్కకు జరిగి, ఆమె తడి కొమ్ముకు తన కొమ్ము రాశాడు.

"ఏంట్రా ఈ గారం?"

"దురద అత్తా, దురద!"

కాంపౌండరు ఆ నీలిరంగు చూసి, వీడికి అయిపోయిందనుకుని దాటిపోయాడు.

కొన్నాళ్లకు పొరుగూరి మందకు గాలికుంటు సోకింది. ఆ మంద నీళ్లు తాగిన తొట్టిలోనే పుల్లన్న మూతి పెట్టాడు.

"ఒరేయ్, అది జబ్బు తొట్టిరా!" అని అరిచింది గౌరమ్మ.

"నా కొమ్ముకు రంగుందిగా అత్తా!" అని కడుపునిండా తాగాడు.

కోరుకున్న జబ్బు రానే వచ్చింది. రాగిజావా వచ్చింది, కానీ నోరంతా పుండై గుటక దిగదే! "టీకా వేసినా వచ్చిందేమిటో" అని నూకాలమ్మ తల పట్టుకుంది. గౌరమ్మకూ బొల్లన్నకూ మాత్రం ఏమీ కాలేదు.

ఏరువాక తెల్లవారింది. బొల్లన్న పక్కన అరువెద్దును కట్టారు. లేవలేక పడున్న పుల్లన్నకు మువ్వల చప్పుడు పొలం చేరేదాకా వినబడుతూనే ఉంది.

జబ్బు పడి లేచినవాడి బలం చూసి అసూయపడి జబ్బును పిలుచుకోకండి. టీకా ఇచ్చే బలానికి ఒక్క సూదిపోటే ఖరీదు.