టర్బోని కాల్చిందెవరు?

ఎప్పటి రాజ్యమో అడక్కండి గానీ, అక్కడి రాజుగారికి టర్బో, అంటే ఇంజనులోకి గాలి దట్టంగా ఊది జోరు పెంచే యంత్రం, ఉన్న కారుండేది. డ్రైవరు సింగన్న. ఏడాది తిరక్కుండా రెండు టర్బోలు కాలిపోయాయి.

"మూడోది పోయిందా, నీ కొలువు ఊడినట్టే," అన్నారు రాజుగారు.

సింగన్న కాలిన టర్బో పట్టుకుని మెకానిక్ మస్తాన్ దగ్గరికి పరుగెత్తాడు. మస్తాన్ దాన్ని విప్పి, లోపల ఆయిల్ మాడి బొగ్గయిపోయిన చోటు చూపించాడు.

"బండిని దౌడు తీయించుకొచ్చి, ఆగీ ఆగగానే ఇంజను ఆపేస్తున్నావా అన్నా? ఇంజను ఆగితే టర్బోని చల్లబరిచే ఆయిల్ రాదు. టర్బో మాత్రం నిప్పులా కాలుతూనే ఉంటుంది. రెండు నిమిషాలు ఇంజన్ని ఊరికే తిరగనివ్వాలి."

ఇంకేముంది, దొంగ దొరికాడు! అయితే ఆ దొంగ సింహాసనం మీదున్నాడు. కారు ఆగిన క్షణం ఇంజను నోరు మూయాలి, తమ రాకకు ఊదే బాకా ఒక్కటే వినపడాలి అన్నది రాజుగారి ఆజ్ఞే మరి. తప్పు తమదేనని ఆయనతో అనేదెవరు?

మర్నాడు మూడో టర్బో బిగించిన కారు రాజుగారితో కోట ముందు ఆగింది. సింగన్న ఇంజను ఆపలేదు.

"ఆపవేంరా?"

"ప్రభూ, ఆగీ ఆగగానే దిగిపోయేది సంతకెళ్లే జనం. పొరుగు రాజుగారు అలా దిగరట. ఇంజను గుర్రుమంటుంటే లోపలే కూర్చుని, జనం మెడలు చాచి చాచి చూశాకే దిగుతారట."

పొరుగు రాజు ముఖం సింగన్న ఎన్నడూ చూసింది లేదు.

రాజుగారు మీసం దువ్వుకున్నారు. "ఎంతసేపు కూర్చుంటాడేం?"

"రెండు నిమిషాలట ప్రభూ."

"అయితే మేం నాలుగు కూర్చుంటాం."

ఇక ఆ టర్బోకీ ఢోకా లేదు, సింగన్న కొలువుకీ ఢోకా లేదు.