ఎర్రయ్యమ్మ ఇంట్లో ఒకే బంతి

ఊరు మొత్తంలో తెలివంటే తమదేనని ఎర్రయ్యమ్మ ఇంటివాళ్ళకి గట్టి నమ్మకం. ఆమె మొగుడు పైడయ్య, వానకి గొడుగు తడిసిపోతుందని దాన్ని చొక్కాలో దాచుకుని తను తడుస్తూ వచ్చే మనిషి. మరిది సన్యాసి, దీపం వెలుగుతోందో లేదో చూడ్డానికి ఇంకో దీపం వెలిగించే మనిషి. "మనమే లేకపోతే ఈ ఊరు ఏమైపోయేదో పాపం" అని ముగ్గురూ జాలిపడుతుండేవాళ్ళు.

ఎర్రయ్యమ్మకి ఒకటే దిగులు. ఒక్కగానొక్క అన్న గవరయ్య మూడేళ్ళుగా ఆ ఇంట్లో మెతుకు ముట్టలేదు. అప్పట్లో భోజనానికొచ్చి "కూరలో ఉప్పు చూడవే" అన్నాడు. ఆవిడ గిన్నె వెలుతుర్లోకి పట్టుకెళ్ళి, చూసి చూసి, "కనబడ్డం లేదన్నా" అంది. ఇంకేముంది, విస్తరి ముందునుంచి లేచిపోయాడు. "మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు" అనేసి వెళ్ళాడు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట టీవీలో ఒక సీరియల్ వచ్చేది. చిత్రమైన భక్తుల ఇల్లు అది. పెద్దాయన గుళ్ళో అర్చకుడు. పెద్దకోడలు ఆదివారం చర్చిలో పాడుతుంది. అల్లుడు రంజాన్ ఉపవాసాలుంటాడు. చిన్నకొడుకేమో దేవుడెక్కడున్నాడో చూపించమంటాడు. ఆ ఇంటి అవ్వ అందరినీ కసిరి కసిరి ఒక్కచోట కూర్చోబెట్టి వడ్డిస్తుంది. ఇన్ని దారులున్న ఇంట్లో ఇంత నవ్వెలా పుట్టిందో అని పక్కింట్లో ఉండే నాకూ వింతగానే ఉండేది. ఎర్రయ్యమ్మ అయితే అవ్వ తెర మీదికి రాగానే లేచి పీట వేసేది.

ఒకరోజు, అలిగి వెళ్ళిపోయిన చిన్నకొడుకు తిరిగొచ్చాడు. అవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. "మాది నిప్పులు కడిగే వంశంరా. పొద్దున్నే మడి కట్టుకుని నీ కోసం వండాను. నువ్వు ఏ దేవుణ్ణి నమ్మినా, నమ్మకపోయినా, ఈ ఇంట్లో అందరికీ ఒకే బంతి. రా" అంది. వాడు ఏడుస్తూ తిన్నాడు.

ఎర్రయ్యమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "చూశావా సన్యాసీ, అలిగినవాళ్ళ చేత తినిపించే కిటుకు ఇదన్నమాట. రేపటికి మా అన్నని పిలువు. అవ్వ చెప్పినట్టే చేద్దాం."

సన్యాసి వెళ్ళి పిలిచొచ్చాడు. "రావాలనే ఉందట వదినా. కానీ మాట మీద నిలబడే మనిషట. గడప తొక్కడట."

"గడప సంగతి తర్వాత. ముందు మడి" అన్నాడు పైడయ్య. చిన్నప్పట్నుంచీ వరి పండించేవాడికి మడి కట్టడం ఒకరు నేర్పాలా? అంతే, తెల్లారేసరికి వంటింట్లో పది తట్టల మట్టి పోసి, చుట్టూ గట్టు వేసి, బిందెల కొద్దీ నీళ్ళు పెట్టి కాళ్ళతో తొక్కేశాడు.

"నారు కూడా వెయ్యనా?" అన్నాడు.

"అవ్వ నారు మాట చెప్పలేదు" అంది ఎర్రయ్యమ్మ, చీర ఎగ్గట్టుకుని బురదలో పొయ్యి దగ్గరికి నడుస్తూ.

అన్నం ఒక పొంగు వచ్చింది. "వదినా, నిప్పులు కడిగావా?" అన్నాడు సన్యాసి.

"అయ్యో, మర్చేపోయాను" అంది. ఇద్దరూ కూర్చుని పొయ్యిలో నిప్పుల్ని ఒక్కొక్కటే తీసి, కుంకుడు రసంతో తోమి, ఎండలో ఆరబెట్టారు. "ఎన్నాళ్ళ మురికో వదినా, కడిగేకొద్దీ నల్లగా అవుతున్నాయి" అని సన్యాసి ఆశ్చర్యపోయాడు. పొయ్యి చల్లబడింది. అన్నం పలుకుగానే ఉండిపోయింది.

ఇక బంతి. సన్యాసి పెరట్లోకి వెళ్ళి ఒకటంటే ఒకటే బంతిపువ్వు కోసుకొచ్చి, నాలుగు విస్తళ్ళ మధ్య పెట్టాడు. "అందరికీ ఇదొక్కటే. ఎవరూ పోట్లాడకూడదు."

గడప మిగిలింది. ముగ్గురూ దాని చుట్టూ కూర్చుని ఆలోచించారు. "ఉంటే కదా తొక్కేది" అన్నాడు పైడయ్య. అంతే, గునపంతో గడప పెళ్ళగించాడు. గడపతో ద్వారబంధం, ద్వారబంధంతో తలుపులు ఊడొచ్చాయి. ఇంకేముంది, వాకిట్లో కట్టేసిన గేదెకి ఇంట్లో బురద కనబడింది. తాడు తెంపుకుని తిన్నగా వంటింట్లోకి నడిచి, మడిలో చల్లగా పడుకుని, గిన్నెలో అన్నమంతా తినేసింది.

సరిగ్గా అప్పుడే గవరయ్య వచ్చాడు. వాకిట్లో ఆగి కిందా మీదా చూశాడు. "చెల్లీ, గడపేదే?"

"నీ కోసం తీసేశామన్నా."

గవరయ్య చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"కూర్చో బావా" అన్నాడు పైడయ్య.

"కూర్చోలేను బావా. మాట మీద నిలబడే మనిషిని." విస్తరి ముందు నిలబడ్డాడు.

విస్తట్లో వడ్డించడానికి ఏమీ లేదు. ఎర్రయ్యమ్మ వంటింట్లోకి చూసింది. గేదె ఆమెకేసి చూసి నెమరేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పోన్లే, ఇంకో మూడేళ్ళకి వస్తాను" అని గవరయ్య వెనక్కి తిరిగాడు.

అంతలో టీవీలో సీరియల్ ఆగి, చక్కటి పిల్ల ఒకతె వచ్చింది. "ఎక్కడికీ వెళ్ళకండి, ఇప్పుడే వచ్చేస్తాం" అంది. అంతే, కరెంటు పోయింది.

గవరయ్య ఎత్తిన కాలు కింద పెట్టాడు. "పాపం ఆ పిల్ల అంతగా అడిగింది. వచ్చేదాకా ఉండాలి."

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట, రెండు రోజులు కరెంటు లేదు. తోడుకి మజ్జిగ అడుగుదామని నేను వెళ్ళేసరికి నలుగురూ బంతిపువ్వు చుట్టూ చేరి నల్లటి తెరకేసి చూస్తున్నారు.

"ఆ పిల్ల ఇంకా రాలేదు పెద్దమ్మా" అంది ఎర్రయ్యమ్మ నీరసంగా.

ఇంటికెళ్ళి కుండెడు చోడి అంబలి తెచ్చి పోశాను. ఎర్రయ్యమ్మ తన చేత్తో అన్నకి ముందు అందించింది. గవరయ్య నిలబడే తాగి, మూతి తుడుచుకున్నాడు. "ఉప్పు సరిపోయిందే చెల్లీ" అన్నాడు.

మూడేళ్ళ దిగులు ఆవిడ మొహంలోంచి దిగిపోవడం నేను చూశాను.

మూడోనాడు మధ్యాహ్నం కరెంటొచ్చింది. తెర మీద అదే పిల్ల నవ్వుతోంది. "హమ్మయ్య, వచ్చావా తల్లీ" అని గవరయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఎర్రయ్యమ్మ మొహం మళ్ళీ చిన్నబోయింది.

ఆ పిల్ల చేతులు జోడించి, "చూస్తూనే ఉండండి" అంది.

గవరయ్య చెప్పులు విడిచేశాడు. అంతే, ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. వంటింట్లో గేదెకి తెర కనబడ్డం లేదని, నిన్న సన్యాసి మధ్య గోడ పడగొట్టాడు.