చారలమ్మ చేమంతి దుబ్బు

అనగనగా ఒక అడవిలో, ఏటిగట్టు పక్కన, చారలమ్మ అనే ఉడుత ఉండేది. దాని ప్రాణమంతా ఒక చేమంతి దుబ్బు మీదే. వాళ్ళ అమ్మమ్మ పోతూ పోతూ దాని చేతిలో పెట్టిన మొక్క అది. చారలమ్మ పొద్దున్నే నీళ్ళు పోసేది, మధ్యాహ్నం గడ్డి పీకేది, సాయంత్రం కాపలా కాసేది. కాపలా ఎందుకో మరి! చేమంతులు ఎత్తుకుపోయే దొంగలు ఆ అడవిలో ఎవరూ లేరు పిల్లలూ.

ఒకరోజు కప్ప వచ్చి, "చారలక్కా, ఒక్క పిలక ఇవ్వవే. మా ఇంటి ముందు నాటుకుంటాను" అంది.

"ఇవ్వనంటే ఇవ్వను. అది మా అమ్మమ్మ మొక్క" అంది చారలమ్మ.

తర్వాత గోరింక వచ్చి అడిగింది. దానికీ అదే జవాబు.

ఆ చలికాలం పూలు చొక్కా గుండీలంతే పూశాయి. మరుసటి ఏడు అవీ లేవు. దుబ్బు నడిమధ్య ఎండిపోయింది. చారలమ్మ ఇంకా ఇంకా నీళ్ళు పోసింది. ఉన్న ఆకులు కూడా రాలడం మొదలుపెట్టాయి. ఏడుస్తూ ఏదుపంది దగ్గరికి పరుగెత్తింది.

"ఏదుమామా, మా అమ్మమ్మ మొక్క చచ్చిపోతోంది!"

దుంపల కోసం రోజూ నేల తవ్వే ఏదుమామకు వేళ్ళ సంగతి బాగా తెలుసు. వచ్చి మట్టి గీరి చూశాడు.

"ఒక్క గుంటలో ఇన్ని పిలకలుంటే దేనికి తిండి చాలుతుందే? దుబ్బు పెకలించి, లేత పిలకలు విడదీసి, దూరం దూరంగా నాటాలి" అన్నాడు.

"అయ్యో, ముక్కలు చేస్తావా మామా?"

"నీ ఇష్టం తల్లీ. వద్దంటే వెళ్ళిపోతాను."

చారలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "తవ్వు మామా" అంది.

సగం పిలకలకే దాని పెరడు నిండిపోయింది. మిగతావి ఎండకు వాడిపోతున్నాయి. చారలమ్మ వాటిని పట్టుకుని కప్ప దగ్గరికీ, గోరింక దగ్గరికీ పరుగు తీసింది.

"ఇన్నాళ్ళకు మనసొచ్చిందా తల్లీ!" అని గోరింక దెప్పింది. దెప్పుతూనే ముక్కుతో గుంట తీసింది.

చలికాలం వచ్చేసరికి ఏటిగట్టు పొడవునా పసుపు చేమంతులు విరగబూశాయి. కొత్తగా వచ్చిన సీతాకోకచిలుక ఒకటి, "మీ అమ్మమ్మ మొక్క ఏది చారలమ్మా?" అని అడిగింది.

చారలమ్మ ఇటు చూపించబోయింది, అటు చూపించబోయింది. చివరికి పకపకా నవ్వేసింది.

"ఇదంతా అదే!" అంది.

నీతి: ఇష్టమైనదాన్ని గుప్పిట్లో దాచుకుంటే వాడిపోతుంది, నలుగురితో పంచుకుంటే నిండుగా బతుకుతుంది.