గువ్వలు ఎక్కడ వాలాయి?

ఎండలకు కొండవాగు ఇంకిపోయింది. అడుగున ఉన్న కాస్త బురద కూడా పెళ్లలు కట్టింది. చుక్కల దుప్పి తన పిల్ల ముక్కు నాకి చూసింది. పొడిగా ఉంది. ఈ పూట నీళ్లు దొరక్కపోతే పిల్ల దక్కదు.

అంతలో నక్క వచ్చింది, మొహం నిండా జాలి పులుముకుని.

“అయ్యో వదినా, ఇంకా ఇక్కడే ఉన్నావా? ఉత్తరాన ఇరుకు లోయలో మడుగు నిండుగా ఉంది. చీకటి పడకముందే పిల్లను తీసుకుని బయల్దేరు.”

“అక్కడ పిల్లల్ని ఎత్తుకుపోయే దుమ్ములగొండి ఉంటుందంటారే?”

“అది ఎప్పుడో వెళ్లిపోయింది. నా మాట నమ్మకపోతే తాతను అడుగు.”

మద్దిచెట్టు చిటారు కొమ్మన ఉన్న కొండముచ్చు తాతకు, అడవిలో తాను చూడనిది లేదని గట్టి నమ్మకం.

“నిజమేనే అమ్మాయ్! పొద్దున గువ్వల గుంపు నీళ్లకు పోతుంటే చూశాను. తిన్నగా లోయ వైపే ఎగిరాయి.”

“విన్నావుగా!” అంటూ నక్క సంబరంగా ఉత్తరం దారి పట్టింది. ఆ సంబరమే దుప్పికి నచ్చలేదు.

“తాతా, గువ్వలు లోయలో వాలడం చూశావా?”

“వాలడం ఎక్కడ కనిపిస్తుందే, చెట్లు అడ్డమైతే? అటు పోయాయి, అంతే.”

“మరి దారిలోనే ఎక్కడో దిగి ఉండొచ్చుగా?”

తాత తల గోక్కున్నాడు.

“పిల్లను చూస్తూ ఉండు తాతా. సాయంత్రం గువ్వలు తూర్పున మేత ముగించి మళ్లీ నీళ్లకు పోతాయి. తూర్పు గుట్ట ఎక్కి చూసొస్తా.”

“ఈలోగా దీనికేమైనా అయితే?”

దుప్పి పిల్ల వైపు చూస్తే కాళ్లు కదలవని, చూడకుండానే పరుగెత్తింది.

గుట్ట మీద నుంచి కుడివైపు ఉత్తరాన దూరంగా లోయ, ఎదురుగా పడమట నల్లరాళ్ల తిప్ప కనిపించాయి. పొద్దు వాలుతోంది గానీ గువ్వలు రావే! చెప్పిన మాట విని వెళ్లుంటే ఈపాటికి పిల్ల గొంతు తడిసేదేమో, చేజేతులా చంపుకుంటున్నానేమో అని దాని ప్రాణం కొట్టుకుపోయింది. చివరికి రెక్కల చప్పుడు. గువ్వలు తల మీదుగా సాగి, లోయ వైపు మళ్లకుండా నేరుగా పడమటికి పోయాయి.

మద్దిచెట్టు నుంచి ఉత్తరానికి, ఇక్కడి నుంచి పడమటికి. ఆ రెండు దారులూ కలిసేది నల్లరాళ్ల తిప్ప దగ్గరే! లోయ ఇంకా అవతల.

దుప్పి వెనక్కి పరుగెత్తి పిల్లనూ, తాతనూ తీసుకుని తిప్పకు చేరింది. రాళ్ల సందున చల్లటి నీళ్లు. పిల్ల ఆత్రంగా తాగి ఉక్కిరిబిక్కిరైంది. దుప్పి తాను తాగడం మరిచి, దాన్ని చూస్తూ ఏడ్చేసింది.

అప్పుడే లోయలోంచి దుమ్ములగొండి అరుపు మారుమోగింది.

“దుప్పీ, పిల్లా వస్తున్నాయన్నావు, ఏవిరా? పొద్దుట్నుంచీ పస్తున్నా. అవి రాకపోతే నువ్వున్నావుగా!”

“బావా, ఒక్క మాట విను బావా!”

నక్క కేకలు అవతలి అడవిలోకి దూరమవుతూ పోయాయి. తాత పిల్ల వీపు నిమిరాడు.

“అటు పంపేవాణ్ణే కదే అమ్మాయ్, నా నోటితోనే!”

ఒక్కచోట నుంచి చూస్తే దిక్కు మాత్రమే తెలుస్తుంది. చోటు తెలియాలంటే కాళ్లు కదిపి ఇంకోచోట నుంచి కూడా చూడాలి.