పిసరు మానేసిన తిండి

అనగనగా రెండు కొండల నడుమ ఒక ఇప్పచెట్ల అడవి. ఆ అడవి అంచున, ఎండుగడ్డి దుబ్బుల మధ్య, ఒక కుందేలమ్మ తన కూతురితో ఉండేది. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని కూతురికి పిసరు అని పేరు పెట్టుకుంది.

కుందేళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మేసేటప్పుడు వాటికి గట్టి పెంటికలు రాలతాయి. వాటిని అలాగే వదిలేస్తాయి. ఎండ ఎక్కాక పొదలో పడుకున్నప్పుడు మాత్రం మెత్తటివి వస్తాయి, చిన్న ద్రాక్షగుత్తిలాగా. వాటిని నేల మీద పడనివ్వకుండా, తల వంచి, అక్కడికక్కడే తినేస్తాయి. మీకు నవ్వొస్తోంది కదూ? కొంచెం ఆగండి. ఇది కుందేళ్ళ పద్ధతి. మనం మాత్రం చేతులు కడుక్కునే తినాలి.

పాలు మానినప్పటి నుంచి పిసరు కూడా అలాగే తినేది. అందులో ఆలోచించాల్సింది ఏదైనా ఉందని దానికి తోచలేదు.

ఒక మధ్యాహ్నం చెట్టు మీద ఆడుకుంటున్న కొండముచ్చు పిల్లలు కిందికి చూశాయి. వాటిలో రేల అనే పిల్ల పిసరుకు మంచి స్నేహితురాలు. రేల ముక్కు పట్టుకుంది.

"ఛీ, ఇదేం తిండే? అడవి నిండా ఆకులుంటే నీకిదే దొరికిందా?" అంది.

తక్కిన పిల్లలు కొమ్మలు ఊపుతూ నవ్వాయి. ఇక దీని పక్కన కూర్చోవద్దని ఒకదానితో ఒకటి చెప్పుకున్నాయి. పిసరు చెవులు వెనక్కి వాల్చుకుంది. ఇక ఆ తిండి ముట్టనని అప్పుడే అనుకుంది. ఆ మర్నాటి నుంచి మెత్తటి పెంటికల మీద మట్టి కప్పేసేది.

సాయంత్రం తల్లి అడిగేది, గడ్డి తిన్నావా, మెత్తటివి తిన్నావా అని. తిన్నానమ్మా అనేది పిసరు. మొదటిసారి ముఖం పక్కకు తిప్పుకుని అంది. తర్వాత అలవాటైపోయింది.

పిసరు చిక్కిపోసాగింది. గడ్డిలో సారం లేదేమోనని తల్లి దాన్ని వాగు ఒడ్డుకు, లేత గరిక ఉన్న చోటికి తీసుకెళ్ళింది. పిసరు కడుపునిండా తింది, అయినా పక్కటెముకలు తేలాయి. ఇప్పపూలు రాలే చోటికి తీసుకెళ్ళింది. పూలన్నీ తిన్నా కళ్ళలో కళ రాలేదు. చివరికి వెదురు చిగుళ్ళ కోసం కొండ ఎక్కించింది. దిగేటప్పుడు వెనక కాళ్ళు వణికి పిసరు దారిలోనే కూలబడింది.

ఎలాగో పొద చేరాక, ఆ సాయంత్రం తల్లి మళ్ళీ మేతకు వెళ్ళలేదు. తన పెంపకంలో ఎక్కడ పొరపాటు జరిగిందా అని తలుచుకుంటూ కూతురి పక్కనే కూర్చుంది. ఏమైందే అని అడిగిందే అడిగింది. పిసరు నిజం చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కాక తల్లి చిగుళ్ళు తేవడానికి వెళ్ళింది. అప్పుడు పొద ఎదురుగా ఉన్న బండ మీద ఒక ముసలి రాబందు వచ్చి వాలింది.

"ఎందుకొచ్చావు తాతా?" అంది పిసరు.

"నువ్వు బతకవనిపించి వచ్చాను పాపా. నేను ఎవరినీ చంపను. ఊరికే కూర్చుంటాను, అంతే."

పిసరు భయపడింది. పారిపోదామంటే కాళ్ళు లేవలేదు. కడుపునిండా తింటున్నా ఎందుకిలా అయిపోయానని అడిగింది. జంతువుల పొట్టల లోపల ఏముంటుందో ఆ అడవిలో రాబందుకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మెత్తటివి తింటున్నావా అని అది తిరిగి అడిగింది. పిసరు తల దించుకుంది. తల్లికి చెప్పని మాట, రేల నవ్విన సంగతితో సహా, రాబందుకు చెప్పేసింది.

"విను పాపా," అంది రాబందు. "పొట్టలో పడ్డదంతా ఒంటికి పట్టదు. పొట్ట తర్వాత చిన్నపేగు ఉంటుంది. పొడుగ్గా, మెలికలు మెలికలుగా. దాని లోపలి గోడ నిండా సన్నటి నూగు. ఆ నూగే తిండిలోని సారాన్ని పీల్చి రక్తానికి అందిస్తుంది. కొండముచ్చుకు ఆకులు పొట్టలోనే నాని, మెత్తబడి, ఆ తర్వాతే చిన్నపేగులోకి వెళతాయి. దానికి ఒక్కసారి తింటే చాలు. నీకు గడ్డి నానే సంచి చిన్నపేగు దాటాక ఉంది. అక్కడ సారం తయారవుతుంది గానీ పీల్చే నూగు లేదు. ఆ సారమే మెత్తటి పెంటికలుగా బయటికొస్తుంది, అందుకే దాన్ని మళ్ళీ తిని చిన్నపేగులోకి పంపాలి. నువ్వు మట్టిలో కప్పింది నీ బలాన్నే."

పిసరు తల ఎత్తి రాబందు వైపు చూసింది. నిన్ను చూసి ఎవరూ నవ్వరా తాతా అని అడిగింది.

"నా తిండి చూసి ముక్కు మూసుకోనిదెవరు? వాళ్ళ ముక్కు, వాళ్ళ ఇష్టం."

"మరి నేను చచ్చిపోతే నీకే లాభం కదా. నాకెందుకు చెప్పావు?"

"అడిగావు కనక చెప్పాను. అయినా నీ దగ్గర ఏముందిలే, నాలుగు ఎముకలు తప్ప."

ఎండ ఎక్కింది. కొండముచ్చు పిల్లలు చెట్టు మీదికి చేరాయి. పొదలో పిసరు తల వంచింది. పైన ఎవరో కిసుక్కున నవ్వారు. పిసరు ఆగింది. ఒక్క క్షణం మట్టి వైపు చూసింది. మళ్ళీ తల వంచి, ఒక్కటి కూడా వదలకుండా తినేసింది.

తల్లి తిరిగొచ్చాక పిసరు అంతా చెప్పింది. తల్లి తిట్టలేదు. నోట్లో ఉన్న చిగుళ్ళు కింద పెట్టింది.

"నాకు చెప్పి ఉంటే, నేనూ నీ పక్కనే కూర్చుని తినేదాన్ని కదే," అంది.

ఆ రోజు నుంచి అలాగే కూర్చుంది. మెల్లమెల్లగా పిసరు కాళ్ళకు సత్తువ వచ్చింది. ఒక ఉదయం పొదలోంచి ఎగిరి దూకి, రాబందుకు చూపించాలని బండ దాకా ఒక్క పరుగున వెళ్ళింది. బండ ఖాళీగా ఉంది.

నీతి: ఎవరో నవ్వారని మన ఒంటికి కావలసిన తిండిని వదులుకోకూడదు, ఆ నవ్వు మనసుకు తగిలితే అమ్మానాన్నల దగ్గర దాచకూడదు.