చుక్క గేదె కోరిన మూడు కోరికలు

అనగా అనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక పల్లె. ఆ పల్లెలో గడపలు ముప్పై, పశువులు మూడు వందలు. మనుషులకంటే పశువుల మందే ఎక్కువ గనుక దాన్ని అందరూ మందపల్లె అనేవారు.

ఆ మందపల్లెలో కాటమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. పశువుల సంగతిలో ఆమెకు తెలియనిది లేదు. గేదె నడక చూసి ఎన్నాళ్ళకు ఈనుతుందో చెప్పేది. అడ్డం తిరిగిన దూడను చేయి పెట్టి సరిచేసేది. ఎవరి కొట్టంలో పశువు నొప్పులు పడుతున్నా ముందు కాటమ్మకే కబురు వెళ్ళేది. ఆమె చేతి మీద పుట్టిన దూడ ఒక్కటీ చావలేదని చుట్టుపక్కల పల్లెల్లో చెప్పుకునేవారు. అది విన్నప్పుడల్లా కాటమ్మ కొంచెం మెడ నిక్కించేది. నిక్కించనివ్వండి, అంత పనితనం ఉన్నప్పుడు ఆ మాత్రం ఉండదా?

కానీ పిల్లలూ, ఆ కాటమ్మకు ఒక తీరని దుఃఖం ఉంది. కొడుకు ఎల్లమందకు పెళ్ళయి ఆరేళ్ళయింది. కోడలు పోలమ్మ ఇద్దరు బిడ్డలను కన్నది. ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. ఊరివాళ్ళు దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. కాటమ్మ తాయెత్తులు కట్టించింది, మొక్కులు మొక్కింది. పోలమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఒకే ఊయలను రెండుసార్లు కట్టింది, రెండుసార్లు విప్పి అటక మీద పెట్టింది.

మూడోసారి ఆమెకు నెలలు నిండాయి. ఒకనాడు పొద్దు పొడిచే వేళకు ఆడపిల్లను కన్నది. బిడ్డ చిన్నదే గాని గొంతు పెద్దది. ఆ ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. ఎల్లమంద మందను తోలుకుని కొండ మీద ఉన్నాడు. మంత్రసాని తన పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళు ఇద్దరే.

మందపల్లెలో ఒక ఆచారం ఉండేది. బాలింతకు మొదట వచ్చే పాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటాయి గదా, అవే ముర్రుపాలు. అవి నెలల తరబడి నిలవ ఉన్న చెడ్డ పాలని వాళ్ళ నమ్మకం. అందుకని పిండి గోడవారన పారబోసేవారు. బిడ్డకేమో కడుపు శుభ్రపడాలని ఆముదం చుక్క, నోరు తడవాలని బెల్లం నీళ్ళు. మూడు రోజులు అలా గడిచి, తెల్లపాలు వచ్చాకే తల్లి రొమ్ము. కాటమ్మకు ఆమె అత్త అలాగే చేసింది. కాటమ్మ తన కోడలికి రెండు కాన్పులకూ అలాగే చేసింది. ఇప్పుడూ రెండు గిన్నెలు సిద్ధం చేసి పెట్టుకుంది.

బిడ్డ మాత్రం రొమ్ము వైపే మూతి తిప్పింది. ఎవరు నేర్పారో గాని, కళ్ళు సరిగా తెరవకముందే వెతుక్కుంది.

"ఒక్కసారి పట్టనా అత్తా?" అని పోలమ్మ మెల్లగా అడిగింది.

కాటమ్మ వద్దంది. కోపంతో కాదు, భయంతో. ఇద్దరు పోయాక, ఆచారంలో ఏ కొంచెం తేడా వచ్చినా ఈ బిడ్డ కూడా దక్కదేమోనని ఆమెకు గుండె దడ. పోలమ్మ గోడ వైపు తిరిగి పాలు పిండేసుకుంది. మధ్యాహ్నానికి బిడ్డ గొంతు తగ్గింది. ఆముదానికి రెండుసార్లు విరేచనమై అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆ కాళ్ళను కాటమ్మ అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. వెచ్చబడలేదు.

సరిగ్గా అప్పుడే కొట్టంలో చుక్క గేదె ఈనింది. నుదుట తెల్లమచ్చ ఉండబట్టి దానికా పేరు. కొట్టానికీ పురుటి గదికీ మధ్య తడిక ఒక్కటే అడ్డం. పొద్దుటి నుంచి ఆ గదిలో జరిగినదంతా చుక్క వింటూనే ఉంది. పశువులకు మన మాటలు పట్టవనుకుంటాం. తోక ఊపుకుంటూ అన్నీ వింటాయి.

కాటమ్మ పరుగున వచ్చి దూడ ముక్కు తుడిచింది. గోనెపట్టాతో ఒళ్ళంతా పొడిగా రుద్దింది. తూలుతున్న దూడను పట్టుకుని పొదుగు దగ్గర నిలబెట్టింది. చుక్క పక్కకు జరిగింది. మళ్ళీ నిలబెట్టింది. చుక్క మళ్ళీ జరిగింది. మూడో ఈత గేదెకు ఇదేం కొత్త బుద్ధి అని కాటమ్మ విసుక్కుంది.

అప్పుడు చుక్క నోరు తెరిచి మాట్లాడింది. ఆ రోజుల్లో పశువులు మాట్లాడేవా అని నన్నడగకండి. మనుషులు వినేవారు, అంతే.

"అమ్మా, నా దూడకు ముందు ఒక చుక్క ఆముదం పొయ్యి. కడుపు శుభ్రపడనీ" అంది చుక్క.

గేదె మాట్లాడినందుకు కాటమ్మ ఎంత ఆశ్చర్యపోయిందో గాని, అది కోరిన కోరికకు మాత్రం మండిపడింది.

"పుట్టిన దూడకు ఆముదమా? పారుకుని, ఒంట్లో ఉన్న కాస్త సత్తువా పోయి చల్లబడిపోదూ? బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా పోస్తారా?"

"అయితే బెల్లం నీళ్ళు పట్టు. మూడు రోజులు వాటితో గడుపుదాం."

"నీళ్ళతో కడుపు నింపితే అది పొదుగెందుకు పట్టుకుంటుందే? ఆ నీళ్ళలో బలమేముంది? ఇక నీ దూడ కాళ్ళ మీద లేచినట్టే."

"సరే. నా ముర్రుపాలు పిండి గోడవారన పారబోయి. పసుపుపచ్చగా ఉన్నాయి. నిలవ పాలు."

కాటమ్మకు ఇక ఓపిక నశించింది. "ఒసే పిచ్చిదానా, ముర్రుపాలంటే ఉత్త పాలనుకున్నావా? దూడకు అదే ప్రాణం. రోగం రాకుండా కాచేది అదే. పుట్టిన గంటలో అది కడుపులో పడ్డ దూడ నిలబడుతుంది. పడని దూడ..."

మిగతా మాట ఆమె నోట్లోనే ఆగిపోయింది.

తడిక అవతల బిడ్డ సన్నగా మూలిగింది. పొద్దున వీధి చివరికి వినిపించిన గొంతు ఇప్పుడు తడిక దాటి రావడమే కష్టంగా ఉంది.

"నా దూడ గురించి ఇంత తెలిసినదానివి. నీ మనవరాలికి ఎందుకమ్మా చెయ్యవు?" అంది చుక్క. అని, తనంతట తానే ముందుకు జరిగి దూడకు పొదుగు అందించింది.

కాటమ్మ కదల్లేకపోయింది. ఆచారం మంచిదేననుకుంటే ఆమె మనసుకు హాయి. తప్పని ఒప్పుకుంటే ఇన్నాళ్ళూ దిష్టి మీదా గాలి మీదా మోపిన నేరం ఇప్పుడు ఎవరి మీదికి వస్తుంది? ఆ ఇద్దరు పసివాళ్ళ మాటేమిటి? పాపం, ఆమె ప్రేమలో లోటు లేదు. ఆ ప్రేమతోనే గదా ఆముదం గిన్నె పట్టుకుంది. ఆమె అలా ఎంతసేపు నిలబడిందంటే, దూడ ఒక చన్ను వదిలి ఇంకోటి పట్టుకునేంతసేపు.

తర్వాత చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. రెండు గిన్నెలూ తీసి గోడవారన పారబోసింది. బిడ్డను తల్లి గుండెల మీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి పైన బొంత కప్పింది.

మొదటిసారి బిడ్డకు పట్టు దొరకలేదు. రెండోసారి కాస్త పట్టి వదిలేసింది. నీరసపడ్డ దూడలకు ఎలా అలవాటు చేయాలో కాటమ్మకు తెలుసు. ముర్రుపాల చుక్క ఒకటి బిడ్డ పెదవులకు తగిలేలా చేయమంది. బిడ్డ నాలుకతో చప్పరించింది. మూడోసారి నోరు పెద్దగా తెరిచి గట్టిగా పట్టుకుంది. గుటక వేసిన చప్పుడు అత్తకూ కోడలికీ ఇద్దరికీ వినిపించింది.

కాటమ్మ మంచం పక్కన కూలబడింది. "ఆ ఇద్దరికీ ఇది నేనే అందనివ్వలేదు పోలమ్మా" అంది.

పోలమ్మ కన్నీళ్ళు చెవుల మీదుగా దిండులోకి కారాయి. చివరికి అత్త చేయి పట్టుకుంది.

"వాళ్ళెందుకు పోయారో మనకు తెలియదత్తా. దీనికి అందుతోంది. ముందు దీన్ని చూడు."

పొద్దు వాలేసరికి బిడ్డ అరికాళ్ళు వెచ్చబడ్డాయి. మర్నాటికి గొంతు మళ్ళీ వీధి చివరికి చేరింది. ఆ ఏడుపు విని విసుక్కున్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

అప్పటి నుంచి కాటమ్మకు ఒక మాట అలవాటైంది. ఎండలకు బిడ్డ గొంతు ఎండుతుంది, చెంచాడు నీళ్ళు పొయ్యమని ఎవరో అన్నారు. నాలుక మీద తేనె రాయమని ఇంకొకరన్నారు. ఎవరేమన్నా, "నీ దూడకైతే చేస్తావా?" అని అడిగేది. ఆ దారిన వచ్చిన పిల్లల వైద్యుణ్ణి ఆపి అన్నీ అడిగి తెలుసుకుంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళైనా అక్కర్లేదని, ఆ తర్వాత తల్లిపాలతో పాటే మెత్తటి ఉగ్గు మొదలుపెట్టమని ఆయన చెప్పాడు. దూడ గడ్డి కొరకడం నేర్చినట్టు అన్నమాట అని కాటమ్మ తలాడించింది. బిడ్డ ఒళ్ళు కాలినా, పాలు తాగడం మానేసినా తాయెత్తు కోసం తిరగకుండా వెంటనే తన దగ్గరికి తెమ్మని కూడా ఆయన గట్టిగా చెప్పాడు.

ఇక జున్ను సంగతి. మందపల్లెలో గేదె ఈనితే, దూడ కడుపారా తాగగా మిగిలిన పాలతో జున్ను వండి ఏడిళ్ళకు పంచడం మామూలు. ఆ ఏడాది చుక్క గేదె జున్నును కాటమ్మ ఎవరిచేతా పంపలేదు. గిన్నె చంకన పెట్టుకుని తానే బయలుదేరింది. నిండు నెలలతో ఉన్న చివరింటి కోడలి దగ్గరికి ముందుగా వెళ్ళింది. జున్ను తినిపిస్తూ, తన ఇంట్లో జరిగినదంతా ఏమీ దాచకుండా చెప్పింది.

ఆ ఇంటి ముసలమ్మ వింటూ వింటూ నొచ్చుకుంది. ఇంత పేరున్నదానివి, నీ తప్పును నువ్వే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంటావా అని అడిగింది.

కాటమ్మ గిన్నె కింద పెట్టింది. "నా మెడ వంగితే ఇంకో ఇంటి బిడ్డ నిలబడుతుందమ్మా. వంగనీ."

ఆ తర్వాత మందపల్లెలో ఏ గేదె ఈనినా, జున్ను గిన్నెతో పాటు ఆ కథ కూడా ఇల్లిల్లూ తిరిగేది. గోడవారన ముర్రుపాలు పారబోసే ఆచారం మెల్లమెల్లగా పోయింది. పోలమ్మ మూడోసారి కట్టిన ఊయలను విప్పింది, నడక నేర్చి పరుగులు పెడుతున్న మనవరాలే. దూడ మెడకు పలుపు కావాలని ఆ తాడు ఊడబీక్కుని కొట్టంలోకి పారిపోయింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, తెలియక చేసిన తప్పును తెలిసిన ఆ రోజే ఒప్పుకుని దిద్దుకున్నవారే బిడ్డలకు నిజమైన పెద్దదిక్కు.